టీవీలో రాని వాన

ఆ మేకను చూసింది నేనొక్కదాన్నేనని ఇప్పటికీ నా నమ్మకం.

టీవీలో ఒకాయన మైకు పట్టుకొని తుఫాను నీళ్లలో నిలబడి మాట్లాడుతున్నాడు. తొడల దాకా నీళ్లు. గాలికి జుట్టు చెదిరిపోతోంది, గొంతు వణుకుతోంది. ప్రళయం అన్నాడు, మృత్యుతాండవం అన్నాడు, కనుచూపు మేరలో ప్రాణమున్న జీవి లేదన్నాడు. సరిగ్గా ఆ మాట అంటున్నప్పుడే ఆయన వెనక, రెండు బారల దూరంలో, ఒక మేక నింపాదిగా నడిచిపోయింది. దాని మోకాళ్లు కూడా తడవలేదు. అంటే ఆయన చుట్టూ ఉన్న నేలంతా వెతికి, లోతైన గుంట ఒకటి ఎంచుకొని, అందులో దిగి నిలబడ్డాడన్నమాట.

"మేకను చూసిన్రా?" అని అడిగాను.

"మేకేంది టీచరమ్మా, ఆడ మనుషులే కొట్టుకపోతాంటే" అన్నాడు గార్డు తాత. గదిలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. ప్రార్థన మధ్యలో తుమ్మినవాళ్లను చూసే చూపు అది.

ఎనభైల నడిమి సంవత్సరాల మాట ఇది. గార్డు తాత మా చర్చి సంఘ పెద్దల్లో ఒకరు. రైల్వేలో గార్డుగా పనిచేసి, రిటైరై, హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాడు. మా సంఘంలో మొదట టీవీ కొన్నది ఆయనే. దానికి చెక్క తలుపులుండేవి. సాయంత్రం వార్తల వేళకు ఆయన ఆ తలుపులు రెండు పక్కలకు జరిపే తీరు చూస్తే గుళ్లో బలిపీఠం తెర తీస్తున్నట్టు ఉండేది. చాపలు పరిచేవాళ్లు. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు కూర్చునేవాళ్లు. ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా అక్కడికి వేళకు ముందే వచ్చేవాళ్లు.

కోస్తాలో తుఫాను తీరం దాటిన తర్వాత మూడు సాయంత్రాలు మేమంతా అక్కడే ఉన్నాం. నేనూ ఉన్నాను, దాచడమెందుకు. తాటిచెట్టు మీద బోర్లా పడిన పడవ చూపించారు. కూలిన కరెంటు స్తంభాలు చూపించారు. తర్వాత ఒక ముసలామె. ఇల్లు పోయిందో, ఇంట్లోవాళ్లే పోయారో, ఎవరూ చెప్పలేదు. ఆమె నేల మీద కూర్చొని ఏడుస్తుంటే బొమ్మ ఆమె ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్లేది. వెనక వీణ మీదో వయొలిన్ మీదో విషాద రాగం ఒకటి. ఏడుపుకు రాగం కట్టింది ఎవరో, ఏ గదిలో కూర్చొని కట్టాడో. రెండో రోజూ అదే పడవ, అదే ముసలామె. మూడో రోజూ అంతే. మూడో రోజుకు నా పక్కన కూర్చున్నావిడకు అంతా కంఠతా వచ్చేసింది. "ఇగ ఇప్పుడు కొంగు కప్పుకుంటది సూడు" అంది. ఆమె నిజంగానే కొంగు ముఖం మీదికి లాక్కుంది. మా కళ్ల నుంచి దాక్కోవడానికే ఆ తల్లి కొంగు లాక్కుందని, మేం మూడు రోజులుగా దాన్నే వేడుకగా చూస్తున్నామని ఆ గదిలో ఎవరికైనా తోచిందో లేదో నాకు తెలియదు. నాకే మూడో రోజుకు గాని తోచలేదు.

ఆ మూడు రోజులూ మా దగ్గరా వానే. ఊరికే తుంపర కాదు, కుండపోత. ధర్మసాగర్ చెరువు నిండి మత్తడి దూకుతోందని చెప్పుకున్నారు. కాని గార్డు తాత ఇంట్లో ఆ వానకు ఉన్న విలువ ఒకటే, అది పడ్డప్పుడల్లా టీవీలో బొమ్మ చెదిరిపోయేది. గార్డు తాత అల్లుడు గొడుగేసుకొని డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు. "వచ్చిందా?" అని పైనుంచి అరిచేవాడు. "రాలే, జర అటు తిప్పు" అని కిందినుంచి కేకలు.

"దిక్కుమాలిన వాన. తుఫాన్ సక్కగ సూడనిస్తలేదు" అన్నారెవరో వెనకనుంచి. ఎవరూ నవ్వలేదు. అది నవ్వే మాటని వాళ్లకు అనిపించలేదు.

మా చిన్నతనంలో ఇట్లా ఉండేది కాదు అనడం ముసలివాళ్ల అలవాటు, నాకు తెలుసు. అయినా చెప్పాలి. మా నాయన పల్లెల్లో ఉపదేశి. అంటే పాస్టరు అయ్యగారు రాలేని చిన్న ఊళ్లలో ప్రార్థన నడిపే మనిషి. డెబ్బైలలో కోస్తాను ఉప్పెన ముంచినప్పుడు మా ఊళ్లో బడిపంతులు ఇంట్లో ఒక్క రేడియో ఉండేది. అందులో వార్తలు చదివినాయన గొంతు ఎత్తలేదు, దించలేదు. వాయుగుండం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఏ రైళ్లు ఆగిపోయాయి, అంతే. ఆ మామూలు గొంతు వింటే మాకు నిజంగా భయం వేసింది. మా నాయన బియ్యం మూట కట్టుకొని రైలెక్కి ఆ ఊళ్లకు వెళ్లాడు. రెండు వారాల తర్వాత తిరిగొచ్చాడు. ఏం చూసినవు నాయనా అని ఎంత అడిగినా చెప్పలేదు. "సూసినదంత చెప్పేది గాదు బిడ్డా" అని మాత్రం అన్నాడు. ఆయన ఆ శవాలను మోసి కూడా చెప్పలేదు. గుంటలో దిగినాయన మాత్రం మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాడు.

అబద్ధ సాక్ష్యం పలకకూడదనే ఆజ్ఞ ఆదివారపు బడిలో పిల్లలకు నేనే నేర్పేదాన్ని. అబద్ధ సాక్ష్యం అంటే లేనిది ఉందనడం ఒక్కటే కాదని, ఉన్నదాన్ని రెండింతలు చేసి చెప్పడం కూడా అబద్ధమేనని పిల్లలకు చెప్పేదాన్ని. పెద్దలకు చెప్పే ధైర్యం లేకపోయింది. పైగా ఆ ఆదివారం నేను చేసిన పని చూస్తే నాకు చెప్పే అర్హత కూడా లేదు.

మా సంఘంలో ఆడవాళ్లకు గుప్పెడు బియ్యం అని ఒక అలవాటు ఉండేది. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేసేవాళ్లం. ఇంట్లో ఎంత ఇబ్బందున్నా ఆ గుప్పెడు తప్పేది కాదు. నెలకోసారి ఆ బియ్యం గుడికి తెచ్చి పెద్ద ఇనప డ్రమ్ములో పోసేవాళ్లం. దాని తాళంచెవి నా దగ్గర ఉండేది. ఆ బియ్యం ఇయ్యాల్సినవాళ్లకు ఇచ్చేముందు ఆడవాళ్లంతా డ్రమ్ము చుట్టూ నిలబడేవాళ్లు. ఒకరు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, ఇది ఫలానావాళ్లకు అని పేరు పెట్టి ప్రార్థన చేసేవాళ్లు. పేరు పెట్టి ప్రార్థన చేస్తే ఇక ఆ బియ్యం వాళ్లది. మా అమ్మమ్మల కాలం నుంచీ అంతే.

ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగమంతా టీవీ మీదే చేశారు. తాటిచెట్టు మీది పడవ దగ్గర మొదలుపెట్టి అంత్యదినాల దాకా వెళ్లారు. గుహలో దాక్కున్న ప్రవక్త ముందు కొండలను బద్దలు చేసే గాలి వీచిందనీ, కాని దేవుడు ఆ గాలిలో లేడనీ, తర్వాత వచ్చిన చిన్న మెల్లని స్వరంలో ఉన్నాడనీ మా గ్రంథంలో ఉంది. ఆ రోజు అది ఎవరికీ గుర్తు లేదు. గాలే గుర్తుంది. ఆరాధన అయ్యాక డ్రమ్ము నిండా ఉన్న బియ్యం కోస్తాకు పంపాలని సంఘం నిర్ణయించింది. గార్డు తాత లారీ మాట్లాడానన్నాడు. ప్రార్థన చెయ్యమని నన్ను ముందుకు పిలిచారు.

నేను డ్రమ్ము మీద చెయ్యి పెట్టాను. నాకు ప్రార్థన అలవాటే, చిన్నప్పటి నుంచీ. కాని ఆ రోజు నా నోట్లోంచి వచ్చినవి నా మాటలు కావు. ప్రళయం అన్నాను. మృత్యుతాండవం అన్నాను. ఇందులోని ప్రతి గింజా, ఒక్క గింజ కూడా మిగలకుండా, ఆ సముద్ర తీరాన ఏడుస్తున్న తల్లుల నోటికే చేరాలని దేవుని ఎదుట మాట ఇచ్చాను. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. కళ్లు తుడుచుకుంటూ నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. గుంటలో దిగినాయనకూ నాకూ ఆ క్షణంలో తేడా ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు.

మా నాయన పోయాక ఆయన పని తమ్ముడే చేస్తున్నాడు. నర్సంపేట అవతల, వాగు దాటి పోవాల్సిన ఒక చిన్న గూడేనికి ఉపదేశి. వాకిట్లో నిలబడి లుంగీ పిండుకుంటుంటే చూశాను. మెడ దాకా బురద.

"ఏందిరా, ఎట్ల వచ్చినవ్?"

"వాగు దాక నడిచిన. బస్సు వాగు ఇవతల్నే ఆగిపోతాంది. అక్కా, జర చాయ్ పొయ్యి, తర్వాత చెప్త."

చాయ్ తాగి చెప్పాడు. తుఫాను తీరం దాటాక టీవీవాళ్లకు దానితో పని అయిపోయింది. తుఫానుకు మాత్రం ఇంకా పని ఉంది. అది లోపలికి వచ్చి, సన్నబడి, మామూలు వానై, గూడెం మీద మూడు రోజులు ఆగకుండా కురిసింది. ఒక గోడ కూలిన తర్వాత ఒక గోడ, మట్టి ఇళ్లన్నీ కూలాయి. పన్నెండు ఇళ్లవాళ్లు ప్రార్థన మందిరంలో ఉన్నారు. దానికి రాతి గోడలుండబట్టి నిలిచింది. కోసి పొలంలో పడేసిన వరి అక్కడే మొలకెత్తింది. గాదెల్లో ఉన్న కొద్దిపాటి పాత వడ్లు గోడల కింద మట్టిలో కలిసిపోయాయి. రెండు రోజుల నుంచి పిల్లలకు గంజి పోస్తున్నారు. పెద్దవాళ్లు ఆ గంజి కూడా తాగడం లేదు.

"ఇయ్యాల్టి గంజితోని అయిపోయిందక్కా. గుప్పెడు బియ్యం డ్రమ్ము ఉన్నది గదా అని వచ్చిన. దినాలు బాగైనంక తిరిగి పోస్తమని చెప్పమన్నరు."

నేను వాడి ముఖం చూడలేకపోయాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. డ్రమ్ము నిండుగా ఉంది. ఒక్క గింజ కూడా మిగలకుండా అని నిన్ననే నేను దేవుని ఎదుట అన్నాను.

ఇది చదివేవాళ్లలో కొందరికి ఇందులో ఇబ్బందేముందో అర్థం కాకపోవచ్చు. తాళం తీసి బియ్యం కొలిచి ఇస్తే పోయేదానికి అని అనుకోవచ్చు. మాకు అట్లా కాదు. పొలం అమ్మిన డబ్బంతా దేవునికని చెప్పి, కొంత దాచుకొని, నిలబడ్డచోటే కూలిపోయిన ఆలుమగల కథ మా పిల్లలకు ఐదేళ్లకే తెలుసు. దేవునికి ఇచ్చిన మాటలోంచి ఒక శేరు తగ్గించుకోవచ్చని మాలో ఎవరూ అనరు. నేనూ అనను. ఈ రోజుకూ అనను. మాట ఇచ్చేముందు చూసుకోవాల్సింది నేను.

అయినా సంఘం ఏమంటుందో అడుగుదామని తమ్ముణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరాను. సాయంత్రమైంది కాబట్టి సంఘమంతా ఎక్కడుంటుందో వెతకాల్సిన పని లేదు. గార్డు తాత ఇంట్లోనే ఉంది. అయ్యగారు, ఆయన భార్య అయ్యగారమ్మ కూడా అక్కడే ఉన్నారు. టీవీ తలుపులు తెరిచే ఉన్నాయి. వార్తలు ఇంకా మొదలు కాలేదు. ఎవరో చేనుకు మందు కొట్టడం చూపిస్తున్నారు.

తమ్ముడు గడప దగ్గరే నిలబడి జరిగింది చెప్పాడు. చిన్నప్పటి నుంచీ వాడిది చిన్న గొంతు. పల్లెలో పది మంది ముందు వాక్యం చెప్పే గొంతు. గార్డు తాత కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"ఎంతమంది పోయిన్రు?"

"ఎవలు పోలే తాతా. దేవుని దయ."

"పశులు?"

"ఒక్క ఎద్దు. అది గూడ ముసల్ది."

"మరి గిదేం తుఫాన్రా?"

"తుఫాన్ అని మేమనలే తాతా. వాన అన్నం."

"వాన ఈడ పడలేదా? మేం బాగనే ఉన్నం గదా."

"మీది స్లాబు ఇల్లు తాతా."

కొందరు నవ్వారు. గార్డు తాతకు నవ్వు రాలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు. కాని ఎన్నో ఏళ్లు సిగ్నలు పడితేనే బండి కదలాలని నేర్చుకున్నవాడు. "టీవీల ఒక్క ముక్క గూడ రాలే" అన్నాడు. "మూడు దినాలసంది సూస్తాన. నర్సంపేట పేరు గూడ ఎత్తలే. గంత నష్టమైతే చెప్పరా వాళ్లు?"

"కెమెరా పట్టుకొని వాగు ఎవరు దాటుతరు తాతా? బస్సే దాటుతలేదు."

"టీచరమ్మకు సొంత తమ్ముడు గద, పానం కొట్టుకుంటది" అని ఆడవాళ్లలో ఒకామె పక్కావిడతో అంది. నాకు వినబడేటట్టే అంది. కొంగు ఎప్పుడు కప్పుకుంటుందో ముందే చెప్పిన ఆమే.

నాకు ఒళ్లు మండింది. నేను వెళ్లి టీవీ తలుపులు రెండూ దగ్గరికి మూశాను. అది నా ఇల్లు కాదు, నా టీవీ కాదు. చెయ్యకూడని పని. చేశాను. "వీడు మీ ముందల నిలబడ్డడు. తడిసి నిలబడ్డడు. వీణ్ణి ఇంకెట్ల చూపిస్తే కనబడుతడు మీకు?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. మూసిన తలుపుల వెనకనుంచి పురుగుల మందు గురించి ఎవరో చెబుతూనే ఉన్నారు.

అయ్యగారు మెల్లగా లేచారు. ఆయన కోప్పడలేదు. "అమ్మా, నీ బాధ సమజైతాంది" అన్నారు. "కాని ఆ బియ్యం మనది గాదిప్పుడు. నువ్వే పేరు పెట్టి అప్పజెప్పినవ్. ఆ కోస్తావాళ్లు కూడ తుఫానులున్నోళ్లే. వాళ్ల నోటికాడిది తీసి ఇంకొకరికి ఎట్ల పెడ్తం? అట్ల పెట్టమని వాక్యం చెప్పదు."

ఆయన అన్నది నిజం. అందుకే నాకు మరీ విసుగొచ్చింది. ఆ ముసలామె ఏడుపు బొంకు కాదు. ఆమె ఇల్లు నిజంగానే పోయింది. అబద్ధం ఆమెది కాదు, ఆమె చుట్టూ కట్టిన రాగానిది. ఆ రాగానికి తల ఊపి మాట ఇచ్చింది నేను.

అయ్యగారమ్మ నేల మీద కూర్చొని ఉంది. ఆవిడ లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. సంఘంలో ఆవిడ మాట్లాడడం తక్కువ. ఆ రోజు కూర్చునే మాట్లాడింది.

"డ్రమ్ముకు పేరు పెట్టినం, ముట్టద్దు. మన పొయ్యి మీది గిన్నెకు పెట్టలేదు గదా."

అయ్యగారు ఆవిడ వైపు చూశారు.

"శుక్రవారం ఉపాసముంటం గదా ఎప్పటికి. ఈసారి సోమవారం ఉందం. ఈ పూట, రేపు రెండు పూటల. ఎసట్ల పొయ్యాల్సిన బియ్యం ఉపదేశి సంచిల పొయ్యుండ్రి. మా యింట్ల ఈ పూట పొయ్యి ఎలిగియ్య" అంది. తర్వాత అయ్యగారితో, "మీకు గోలీలు ఏసుకునేది ఉన్నది, మీకు రెండు బిస్కెట్లిస్త" అంది.

వరంగల్ కాశిబుగ్గ నుంచి వచ్చే ఒక అక్క అందరికంటే ముందు లేచింది. వాళ్లది మగ్గం ఇల్లు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలో నాలుగు రోజులుగా నీళ్లు ఊరుతున్నాయి. పోగు తడిసి, మగ్గం ఆగిపోయి, ఇంట్లో అందరూ ఖాళీగా కూర్చున్నారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆ సంగతి ఆమె వేళాకోళంగా మాత్రమే చెప్పింది. "మా గుంతల గూడ మోకాటి లోతు నీళ్లున్నయి టీచరమ్మా. ఆ మైకాయన్ను పిలిస్తే వచ్చి నిలబడుతడేమో" అంది. "పా, పోదాం. మా ఇల్లు దూరం, ముందుగాల నా బియ్యం తీస్కపోదువు."

అందరూ ఇచ్చారని చెప్పను. చెబితే నేనూ ఆ మైకాయన లాగే అవుతాను. షుగరుందని కొందరు, చంటిపిల్లలున్నారని కొందరు వెనక్కి తగ్గారు. వాళ్లను తప్పుపట్టలేం. ఏ కారణమూ చెప్పకుండా వార్తలు చూడడానికి ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. మేం మెట్లు దిగుతుంటే టీవీ తలుపులు మళ్లీ జరిపిన చప్పుడు వినబడింది. కాని గార్డు తాత వెనకనుంచి గేటు దాకా వచ్చాడు. రైల్వేలో ఉన్నప్పుడు వాడిన వానకోటు తమ్ముడి చేతిలో పెట్టి, "తిరిగి తెచ్చియ్యాలె" అని మాత్రం అన్నాడు. దీపాలు పెట్టే వేళకు మా దగ్గర ఒకటిన్నర సంచి బియ్యం పోగైంది. సన్నవి, దొడ్డువి, కంట్రోలు బియ్యం, అన్నీ కలిసిపోయాయి.

మర్నాడు పొద్దున గుడి ముందు లారీ నిలబడింది. దానికి ఒక గుడ్డ కట్టారు. మా సంఘం పేరు పెద్ద అక్షరాల్లో, తుఫాను బాధితులు అన్నది చిన్న అక్షరాల్లో. వానకు నీలం రంగు కారి రెండూ కలిసిపోయాయి. ఫోటో తీసే ఆయన వచ్చాడు. నేను తాళంచెవి గార్డు తాత చేతికిచ్చి ఫోటోకు నిలబడకుండా బస్టాండుకు పోయాను.

ఆ లారీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గార్డు తాత దానితోపాటు వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చాడు. టీవీలో చూసిన ఊరు వెతుక్కుంటూ పోతే అక్కడ లారీలు బారులు తీరి ఉన్నాయట. బియ్యం దించడానికి చోటు లేదట. రోడ్డుకు దూరంగా ఉన్న పల్లెలకు పొండి అని ఆ ఊరివాళ్లే చెప్పారట. ఆ పల్లెల్లో ఒక దాంట్లో దించి వచ్చాడు. "మొట్టమొదట వచ్చిన లారీ మాదేనట" అన్నాడు. చెబుతుంటే ఆయన ముఖంలో సంతోషం లేదు. "ఆళ్లవి ఎన్ని ఇండ్లు పడ్డయో టీవీవోళ్లు చెప్పనే లేదు" అన్నాడు, అది టీవీ తనకు వ్యక్తిగతంగా చేసిన ద్రోహమైనట్టు. నేనేమీ అనలేదు. అనడానికి నా నాలుక ఎంత దురదపెట్టిందో దేవునికి తెలుసు. ఆ వారం టీవీలో క్రికెట్ వచ్చింది. చాపలు మళ్లీ నిండాయి.

మేం మాత్రం ఆ పొద్దున నర్సంపేట మీదుగా వాగు దాకా పోయే బస్సెక్కాం. సంచులు బస్సు మీద వేస్తే తడుస్తాయని కాళ్ల మధ్య పెట్టుకున్నాం. కండక్టరు విసుక్కున్నాడు. వాగు దగ్గర బస్సు ఆగింది. నీళ్లు తగ్గుముఖం పట్టాయి కాని రొమ్ముల దాకా ఉన్నాయి. గూడెం నుంచి నలుగురు అటు ఒడ్డున కూర్చొని ఉన్నారు, పొద్దుటి నుంచి. వాళ్లు తాడు కట్టి వచ్చారు. సంచులకు వానకోటు చుట్టి, తలల మీద పెట్టుకొని దాటించారు. నన్ను కూడా దాదాపు సంచిని దాటించినట్టే దాటించారు.

గూడెంలో ఎవరూ ఏడవడం లేదు. ఆ మైకాయన వస్తే అక్కడ తీసుకోవడానికి బొమ్మ దొరికేది కాదు. ఒకామె కూలిన గోడ మట్టిని తట్టతో ఎత్తి పక్కన పోస్తోంది, తిరిగి గోడ పెట్టడానికి. ఇద్దరు ముసలివాళ్లు తడిసిన గడ్డిని మందిరం అరుగు మీద పరిచి తిరగేస్తున్నారు. పిల్లలు మాత్రం సంచులు కనబడగానే లేచి నిలబడ్డారు. పరుగెత్తలేదు. పరుగెత్తే ఓపిక లేదని నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

మందిరం వెనక మూడు రాళ్లు పెట్టి పెద్ద గుండిగ ఎక్కించారు. కట్టెలు తడివి, పొగ తప్ప మంట రాలేదు. ఒక పాత బెంచీ విరగ్గొట్టి పెట్టారు. అన్నం ఉడికే సరికి మధ్యాహ్నం దాటింది. మోదుగాకులు కుట్టి వరసగా వేశారు. వేడన్నం వడ్డించారు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు.

"అక్కా, ప్రార్థన చెయ్యి" అన్నాడు తమ్ముడు.

నేను లేచి నిలబడ్డాను. నోటికి చాలా వచ్చాయి. దుర్భిక్షం, అరణ్యం, మన్నా, విధవరాలి పిండి తొట్టి, గ్రంథంలోని కరువు కథలన్నీ వరసలో నిలబడ్డాయి. ఒక్కదాన్నీ పిలవలేదు. "తండ్రీ, ఈ అన్నం వీళ్లకు" అన్నాను. ఆమెన్ అన్నాను. అంత చిన్న ప్రార్థన నేను జీవితంలో చెయ్యలేదు. కళ్లు తెరిస్తే చాలామంది ఇంకా మూసుకునే ఉన్నారు, అసలుది ఇంకా మొదలు కాలేదనుకొని.

ఒక ముసలామె ముందుగా నోట్లో పెట్టుకుంది. నమిలి, నా వైపు చూసింది.

"ఉప్పు తేలేదా బిడ్డా?"

తొమ్మిదిళ్లు తిరిగాం. బస్సులో కండక్టరుతో పడ్డాం. వాగు దాటాం. ఉప్పు మాట నాకూ, తమ్ముడికీ, అయ్యగారమ్మకూ, ఎవరికీ తట్టలేదు.

"మీ ఇండ్లల్ల ఉప్పు ఉండదా అవ్వా?"

"ఉండె. గోడలు పోయినంక ఏడుంటది? వానకు కరిగిపాయె." ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. "గింత దూరం బియ్యం మోసుకచ్చి ఉప్పు మరిచిన్రు. సదువుకున్నోళ్లు."

వరసంతా నవ్వారు. తమ్ముడు లేచి కోటు వేసుకున్నాడు. పక్క ఊళ్లో కోమటాయన దుకాణం ఉంది, అరగంట నడక, తెస్తానన్నాడు. వాడు బురదలో దిగి పోతుంటే వెనకనుంచి ఎవరో పచ్చిమిరపకాయలు కూడా తెమ్మని కేకేశారు. ఉప్పు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు.